రెండో రోజు పొద్దున

(నాలుగు రోజుల ట్రెక్‌కి మొదటిసారి పేరిచ్చినవాళ్ళ కోసం తిరుపతిలో పెట్టిన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు చేసిన మాటలకు అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తల్లిదండ్రులు కూడా లోపలికి రండి, గోడ పక్కన కుర్చీలు ఉన్నాయి. కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

మీలో చాలామంది అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కినవాళ్ళే. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు ఆగకుండా ఎక్కేశామని ఇందాక ఇద్దరు ముగ్గురు చెప్పారు. కొందరు ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటికి కూడా వెళ్ళొచ్చారు. అవన్నీ గట్టి నడకలే, కాదనను. అయితే వాటికి ఒక సౌకర్యం ఉంది. సాయంత్రానికి ఇల్లు చేరతాం. వేడినీళ్ళు పోసుకుని, అమ్మ పెట్టింది తిని, మన మంచం మీద మనం పడుకుంటాం. మర్నాడు కాళ్ళు పీకితే సెలవు పెడతాం. నాలుగు రోజుల ట్రెక్‌లో ఆ మర్నాడు కూడా నడవాలి.

అందుకే ఈ రోజు నేను చెప్పేదంతా రెండో రోజు పొద్దుటి గురించే. మొదటి రోజు ఎవరైనా నడుస్తారు. కొత్త షూస్, కొత్త స్నేహాలు, ఫోటోలు, ఆ హుషారే నడిపించేస్తుంది. రెండో రోజు పొద్దున ఐదింటికి చలిలో లేచి కూర్చుంటే తొడలు బిగుసుకుపోయి ఉంటాయి. మడమ మీద పొక్కు అప్పుడు తెలుస్తుంది. పక్కవాళ్ళ గురకకి నిద్ర సరిగా ఉండదు. నిన్న తన నీళ్ళు ఎవరో తాగేశారని ఒకరికి కోపం. తనని వెనక వదిలేసి అందరూ ముందుకు పోయారని ఇంకొకరికి బాధ. ఆ ఒక్క గంట బాగా దాటితే మిగతా రోజులు హాయిగా గడిచిపోతాయి. దాటకపోతే నాలుగో రోజు దాకా ఎవరి దారి వాళ్ళదే. మొదటిసారి వచ్చినవాళ్ళు "ఇంక జన్మలో రాను" అనేది కూడా ఆ గంటలోనే. నడిచే శక్తి లేక అనేవాళ్ళు చాలా తక్కువ. ఇలా ఉంటుందని ఎవరూ ముందు చెప్పకపోవడం వల్లే ఎక్కువమంది అంటారు.

కాళ్ళతో మొదలుపెడతాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు సుఖంగా ఉంటుంది. కానీ మర్నాడు నొప్పి పెట్టేది ఎక్కువగా దిగడం వల్లే. దిగేటప్పుడు తొడ కండరం ఒక పక్క సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. ఆ ఒత్తిడికి కండరంలో కంటికి కనబడనంత సన్నగా దెబ్బలు తగులుతాయి. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల లోపల నొప్పి ముదురుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం కోనలోకి గంతులేస్తూ దిగినవాళ్ళు రెండో రోజు కూర్చుంటే లేవలేరు. దీనికి మందు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇంకా నెలరోజులు టైముంది. మెట్లు ఎక్కి బస్సులో దిగడం మన ఊరివాళ్ళకి అలవాటు. ఈ నెల మాత్రం నడిచే దిగండి. భుజాన ఐదారు కిలోల బ్యాగు వేసుకుని మరీ దిగండి. మోకాళ్ళు కొంచెం వంచి, అడుగు చిన్నగా వేస్తూ దిగడం అలవాటైతే చాలు, సగం బాధ తప్పుతుంది.

ఇక పొక్కులు. నవ్వకండమ్మా, ట్రెక్ మధ్యలో ఆపేసినవాళ్ళలో గుండె ఆయాసంతో ఆపినవాళ్ళకన్నా పొక్కులతో ఆపినవాళ్ళే ఎక్కువ, నేను చూసినంతలో. పొక్కు ఒక్కసారిగా రాదు. మడమ దగ్గరో, చిటికెన వేలి పక్కనో ముందు వేడిగా, కొద్దిగా చురుక్కుమన్నట్టు ఉంటుంది. అప్పుడే ఆగాలి. "అందరూ వెళ్ళిపోతున్నారు, నా ఒక్కదానికోసం ఆపడం ఎందుకు" అని మొహమాటపడి ఇంకో గంట నడిస్తే అక్కడ నీళ్ళు చేరతాయి. ఆగి, షూ విప్పి, సాక్స్ తీసి, పాదం తుడిచి, గాలికి ఆరనిచ్చి, ఆ చోట మెడికల్ టేపు ముడత పడకుండా అంటించండి. పొడి సాక్స్ వేసుకోండి. అంతా కలిపి ఐదు నిమిషాల పని. అప్పటికే పొక్కు వచ్చి ఉంటే, చిన్నదైతే గిల్లకండి. పైతోలే దానికి కట్టు. చెమట పట్టిన కాటన్ సాక్స్ తడిగానే ఉండిపోతాయి కాబట్టి పల్చటి సింథటిక్‌వో ఉన్నివో తెచ్చుకోండి. షూస్ కొత్తవి కొనేవాళ్ళు ఈ వారమే కొని, బజారుకి, కాలేజీకి అవే వేసుకుని తిరగండి. సాయంత్రంపూట కొనండి, నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడు సరిపోయిన సైజే ట్రెక్‌లో సరిపోతుంది. దిగుడు మొదలయ్యే ముందు లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి. లేకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. రాత్రి మజిలీలో వేసుకోవడానికి మామూలు చెప్పులు తప్పకుండా ఉండాలి.

బ్యాగు గురించి ఒక్క మాట. మీ బరువులో ఐదో వంతు దాటకూడదని అంటారు. మొదటిసారి వచ్చేవాళ్ళు ఇంకా తక్కువే పెట్టుకోండి. ఎనిమిది కిలోల లోపు. ప్రతి వస్తువూ "ఇది లేకపోతే రెండో రోజు ఏమవుతుంది" అని అడిగి లోపల పెట్టండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. తువ్వాలు పల్చటిది చాలు. తలకి కట్టుకునే టార్చి, ఈల, రాత్రి చలికి ఒక స్వెట్టరు, రోజూ వేసుకునే మందులు మాత్రం మరిచిపోవద్దు.

నీళ్ళు. మన ఎండకి మనిషికి రోజుకి మూడు నాలుగు లీటర్లు కావాలి. బయల్దేరేటప్పుడు రెండు మూడు లీటర్లు చేతిలో ఉండాలి. వంకలో నీళ్ళు అద్దంలా తేటగా కనబడతాయి, పైన పశువులు దిగాయో లేదో మనకు తెలియదు. మరిగించి తాగాలి, బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి. క్లోరిన్ బిళ్ళ వేస్తే అరగంట ఆగాలి. బిళ్ళ వేసిన నిమిషానికే తాగేస్తే వేసినా వేయనట్టే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకోండి. అయిపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచా కొలత. తలనొప్పి, చిరాకు, మూత్రం ముదురు పసుపుగా రావడం, ఇవన్నీ నీళ్ళు తక్కువయ్యాయని చెప్పే గుర్తులే. రెండో రోజు పొద్దున గొడవపడే వాళ్ళలో సగం మంది ముందురోజు సరిగ్గా నీళ్ళు తాగనివాళ్ళు.

మనం వెళ్ళేది జనవరిలో. ఎందుకంటే మనకి ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గట్టిగా కురుస్తాయి. 2021 నవంబర్ మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. తిరుపతి వీధుల్లో ఏరులు పారాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది, పక్కన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అలాంటి వానల్లో కోనలో ఉంటే పైన ఎక్కడో కురిసిన వాన మన మీదికి ఎప్పుడొస్తుందో తెలియదు. మన తల మీద ఎండ ఉండగానే వంకలో నీళ్ళు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే వెంటనే గట్టెక్కాలి. మార్చి వస్తే ఇంకో బాధ. గడ్డి ఎండి నిప్పుకి సిద్ధంగా ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్‌కి వెళ్ళినవాళ్ళు కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది మీలాంటి ఉద్యోగస్తులు, విద్యార్థులు. ఆ సంఘటన తర్వాత నేను ఎండాకాలంలో ఎవరు అడిగినా అడవిలోకి తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళను కూడా.

దారి సంగతి. మనం రంగంపేట దాటి భాకరాపేట కనుమ ఎక్కి, అక్కణ్ణించి పల్లెల మీదుగా నెరబైలు వైపు, తలకోన దాకా వెళ్తాం. అడవిలో నడిచే భాగానికి అటవీశాఖ అనుమతి తీసుకుంటున్నాం. వాళ్ళు చూపించిన దారిలోనే, వాళ్ళు పంపిన మనిషితోనే నడుస్తాం. "మాకు దారి తెలుసు, గూగుల్ మ్యాప్ ఉంది" అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఇది శేషాచలం. 1989లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు అయింది, 2010లో మొత్తం కొండల వరస బయోస్ఫియర్ రిజర్వ్ అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోటికి అనుమతి లేకుండా పోవడం నేరం. దానికి మించి, ఇది ఎర్రచందనం అడవి. రాత్రిపూట బ్యాగులు వేసుకుని తిరిగే కొత్తమనుషుల్ని చూస్తే అక్కడ పనిచేసే సిబ్బందికి ముందు వచ్చే అనుమానం ఏమిటో మీకు తెలుసు. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. కత్తులు, గొడ్డళ్ళు, డ్రోన్లు ఎవరూ తేవద్దు. నేలమీద పడి ఉన్నా సరే ఎర్రచందనం ముక్క ఒక్కటి కూడా బ్యాగులో వేసుకోవద్దు.

రాత్రి అడవిలో నడవం. ఇది చర్చకు పెట్టే విషయం కాదు. 2025లో శివరాత్రికి ముందు అడవి దారిన తలకోనకి నడిచి వెళుతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేసి ప్రాణాలు తీశాయి. ఏనుగులంటే పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అభయారణ్యంలోనే కదా అనుకునే రోజులు పోయాయి, ఇటు కూడా తిరుగుతున్నాయి. పేడ తాజాగా కనబడినా, వెదురు విరిగి కనబడినా గైడ్ ఏం చెబితే అది చేయాలి. ఎలుగుబంటి చెవులకి మన అడుగుల చప్పుడు ముందే చేరడం మంచిది. అలాగని స్పీకర్ పెట్టి పాటలు వేయమని కాదు, మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే చాలు. తలకోన పక్క నిలువు బండలకి పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. ఆ చుట్టుపక్కల పొగ, సెంటు, రాళ్ళు విసరడం ఏవీ ఉండకూడదు.

పాముల గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు కాబట్టి నేనే చెబుతాను. రాళ్ళ మీద చూడకుండా చెయ్యి వేయకండి, చూడకుండా కూర్చోకండి. పొద్దున షూస్ దులిపి వేసుకోండి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అందుకే టెంట్ జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి. ఎవరికైనా కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఆకు పసరు, ఏవీ చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చాలి. మనం ప్రతి మజిలీ నుంచీ బండి వచ్చే రోడ్డు ఎంత దూరమో ముందే రాసిపెట్టుకుంటున్నది ఇందుకే.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమైనది. గుంపు.

మనవైపు గుంపుగా రోజుల తరబడి నడవడం కొత్తేమీ కాదు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకి నడిచొచ్చేవాళ్ళని చిత్తూరు రోడ్డు మీద మీరంతా చూసే ఉంటారు. ఒకసారి వాళ్ళ పక్కన కాసేపు నడిచి గమనించండి. ముసలివాళ్ళు ఉంటారు, పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ఉంటారు. తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేసరికి చెట్టుకిందో మండపంలోనో నడుం వాలుస్తారు. ఒకరు గోవిందా అంటే అందరూ అందుకుంటారు. ఎవరూ ఎవరితోనూ పందెం వేసుకోరు. మన ఫిట్‌నెస్ యాప్‌లు ఎంత వేగంగా నడిచామో చెబుతాయి. మనతో బయల్దేరినవాళ్ళు మనతోనే చేరారా అన్నది ఏ యాప్ చెప్పదు.

ట్రెక్‌లో మామూలుగా ఏం జరుగుతుందో చూడండి. వేగంగా నడిచేవాళ్ళు ముందు పోయి ఒక చెట్టుకింద కూర్చుంటారు. బిస్కెట్లు తింటారు, నీళ్ళు తాగుతారు, పావుగంట కాళ్ళు చాపుకుంటారు. అప్పుడు చివరి మనిషి రొప్పుతూ వస్తుంది. "వచ్చేసింది, ఇంక పదండి" అని అందరూ లేస్తారు. విశ్రాంతి అందరికన్నా ఎక్కువ కావలసిన మనిషికి అందరికన్నా తక్కువ దొరికింది. ఇలా రోజుకి ఎనిమిది పదిసార్లు జరిగితే రెండో రోజు పొద్దున ఆ అమ్మాయి ఏడవకుండా ఎలా ఉంటుంది? కాబట్టి మన గుంపులో నియమం ఒకటే. చివరి మనిషి బ్యాగు కిందపెట్టిన తర్వాతే విశ్రాంతి టైము మొదలవుతుంది. నెమ్మదిగా నడిచేవాళ్ళు గైడ్ వెనకే, వరసలో రెండో స్థానంలో ఉంటారు. అందరికన్నా గట్టిగా నడవగలిగినవాళ్ళు చివర ఉంటారు. దారి చీలిన ప్రతిచోటా వెనకవాళ్ళు కనబడేదాకా ముందువాళ్ళు ఆగాలి. కుర్రాళ్ళకి ఇది మొదట చాలా కష్టంగా ఉంటుంది. ఆ కాళ్ళకి పరుగెత్తాలని ఉంటుంది, నాకు తెలుసు. ఆ శక్తి వేరేచోట పనికొస్తుంది. సాయంత్రం నీళ్ళు మోయడానికి, టెంట్లు వేయడానికి.

రెండో రోజు పొద్దున టీ దగ్గర అందరం గుండ్రంగా కూర్చుంటాం. ఒక్కొక్కరూ రెండు విషయాలు చెప్పాలి. ఒంట్లో ఎక్కడ నొప్పి, మనసులో ఏం బాధ. వాదన ఉండదు, జవాబు ఉండదు, వినడమే. మొహమాటం వల్ల చాలామంది "ఏం లేదు మేడం, బాగుంది" అంటారు. అలా అనవద్దని ఇప్పుడే అడుగుతున్నాను. ఆ పొద్దున చెప్పని పొక్కు మధ్యాహ్నానికి పుండవుతుంది. చెప్పని కోపం కూడా తగ్గదు, రోజంతా ముదురుతూనే ఉంటుంది.

ఆడపిల్లలకి విడిగా ఒక మాట, అందరి ముందే చెబుతాను, మగపిల్లలు కూడా వినాలి. ట్రెక్‌లో నెలసరి రావచ్చు. అది ఆపాల్సిన కారణం కాదు, దాచాల్సిన విషయం కాదు. వాడిన ప్యాడ్లు అడవిలో పారేయకూడదు, పూడ్చకూడదు, జంతువులు తవ్వుతాయి. గట్టి కవర్లో కట్టి వెనక్కి తేవాలి. బయటికి వెళ్ళేటప్పుడు ఎవరికైనా చెప్పి, తోడు ఒకరు కొంచెం దూరంలో నిలబడితే చాలు. మరుగుకి వెళ్ళేచోటు వంకకి 200 అడుగుల అవతల ఉండాలి. జానెడు లోతు గుంట తీసి, తర్వాత మట్టి కప్పాలి. మరుగు లేదని నీళ్ళు తాగడం మానేసే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆగమని అడిగితే గుంపు ఆగుతుంది.

ఇంక పల్లెలు. నాలుగు రోజుల్లో రెండు రాత్రులు మనం పల్లెల్లోనే ఉంటాం. ఇక్కడ నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, ముందే చెబుతున్నాను. అడవి అంచు పల్లెలో రాత్రి అంటే మనకి నక్షత్రాలు, చలిమంట. వాళ్ళకి చేను కాపలా. ఏనుగులు, అడవి పందులు దిగే చోట రైతు మంచె మీద రాత్రంతా మెలకువగా ఉండి, తెల్లారాక రెండు గంటలు పడుకుంటాడు. ఆ రెండు గంటల్లో మన ఈలలు, అరుపులు వినబడకూడదు. ఇంకొకటి, ప్రాణానికి సంబంధించింది. అడవి పందుల కోసం కొన్నిచోట్ల చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగుతుంటారు. అది తప్పే, చట్టవిరుద్ధమే. కానీ చీకట్లో అడ్డదారిన చేలో దిగిన మనిషికి ఆ చట్టం అడ్డురాదు. సందె వేళ దాటాక ఊళ్ళోంచి కదలొద్దు, గట్లు దాటొద్దు.

కిందటి ఏడు ఒక పల్లెలో జరిగింది చెబుతాను. మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఒక అవ్వ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఏడికి పోతా ఉండారు? బస్సు లేదా ఆడికి?" అనింది. నడవడానికే వచ్చామని చెబితే ఆమెకి అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరం కూడా ఆమెకి లేదు. "తిన్నారా?" అని అడిగింది. తినలేదని తెలిశాక ఇంక వేరే మాట లేదు. పొయ్యి మీద కుండలో బియ్యం సగం ఉడికాక రాగిపిండి మధ్యలో గుట్టగా పోసింది. కలపకుండా మూత పెట్టి, ఆవిరికి వదిలేసింది. పిండి మగ్గిన వాసన వచ్చాక కుండ దించి, రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుని తెడ్డుతో తిప్పడం మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో, మోచేతుల దాకా నరాలు తేలాయి. ఒక్క ఉండ కట్టలేదు సంగటిలో. చెయ్యి తడిచేసుకుని ముద్దలు చేస్తుంటే పొగలు వస్తున్నాయి. ఆ పొద్దున ఇంటికి పోతానని ఏడ్చిన ఒక అమ్మాయి రోలు దగ్గర కూర్చుని, వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు వేసి ఊరిబిండి నూరింది. అవ్వ దాన్ని వేలితో నాకి చూసి, "ఉప్పు చాల్లేదు, ఇంగ కొంచెం ఎయ్యి" అనింది. ఆ అమ్మాయి ఇంక ఇంటికి పోతానని అనలేదు.

అవ్వ డబ్బు తీసుకోలేదు. ఇలాంటప్పుడు చేతిలో నోటు కుక్కితే నొచ్చుకుంటారు. అలాగని ఉచితంగా తిని రాకూడదు, ఒక ఇంట్లో వారానికి సరిపడే పిండి మనం ఒక పూటలో తినేస్తాం. అందుకే ఈసారి ముందే ఊరిపెద్దలతో మాట్లాడి, వండేవాళ్ళకి ఇంతని ధర అనుకుని వెళుతున్నాం. పిల్లలకి చాక్లెట్లు పంచకండి. అలవాటు పడిన పిల్లలు తర్వాత వచ్చేవాళ్ళ వెంట చెయ్యి చాపుకుని పరిగెత్తడం నేను చూశాను, చాలా బాధ వేసింది. బడికి ఏదైనా ఇవ్వాలనుంటే టీచర్‌ని అడిగి ఇద్దాం. స్నానం చేస్తున్న చోట, వంట చేస్తున్న చోట అడగకుండా ఫోటో తీయొద్దు. బోరు నీళ్ళు కరెంటు ఉన్నప్పుడే వస్తాయి, వాళ్ళ బిందెలు నిండాక మన సీసాలు. మామిడి తోటలో కాయ, చేలో చెనిక్కాయ అడగకుండా ముట్టుకోవద్దు. అడిగితే ఒళ్ళో పోస్తారు.

ఇంత జాగ్రత్తలు చెప్పి అసలు ఎందుకు వెళ్ళాలో చెప్పకపోతే అన్యాయం. మొదటి రోజు మీ కంటికి మీ గుంపే కనబడుతుంది. రెండో రోజు పొద్దున దాటాక నడక తనంతట తానే సాగుతుంది, అప్పుడు చూపు పక్కకి తిరుగుతుంది. ఎర్రచందనం చెట్టు బెరడు మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. దాన్ని చెయ్యి పెట్టి తాకి చూడండి. ఈ తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు మన ఇంటి వెనక ఉంది. పేరీత అని ఒకటుంది, ఈత చెట్టులా కనబడుతుంది కానీ ఈత కాదు, పూలు పూయదు. డైనోసార్ల కాలంనాటి వంశం. అది కూడా ఈ కొండలదే. తలకోనలో గిల్లతీగ చెట్టు మీంచి చెట్టు మీదికి పాకిపోతుంది, దాని కాయ మూరకన్నా పొడుగుంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన బోర్డు పెట్టి ఉంటుంది చూడండి, కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైట్, ఆ రెండు పొరలు ఏర్పడిన కాలాల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ అని జియలాజికల్ సర్వే వాళ్ళు చెబుతారు. బస్సులో అది రెండు క్షణాల్లో దాటిపోతుంది. నడిచేటప్పుడు అదే క్వార్ట్‌జైట్ బండ మన అరికాలి కింద ఉంటుంది. తడిస్తే ఎంత జారుతుందో కూడా తెలుస్తుంది, జాగ్రత్త. తలకోన జలపాతం 270 అడుగులు. కారు దిగి చూసినవాళ్ళకి అది జలపాతం. మూడు రోజులు వంకలు దాటుతూ, సీసాలో నీళ్ళు కొలుచుకుంటూ వచ్చినవాళ్ళు దాని కింద నిలబడితే ఎలా ఉంటుందో మీరే వచ్చి చూడండి, నేను చెప్పలేను.

ఇప్పుడు మీ ప్రశ్నలు. చీటీలు వచ్చాయి, చదువుతాను.

"ఫోన్ సిగ్నల్ లేకపోతే ఇంట్లోవాళ్ళకి టెన్షన్ కదా?" ఉంటుందండి. కోనల్లో సిగ్నల్ దొరకదు. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటామో, ఆ ఊళ్ళో ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం ప్రతి ఇంటికీ ముందే ఇస్తాం. సిగ్నల్ దొరికిన చోట ఒక మనిషి అందరి తరఫున గ్రూపులో ఒకే మెసేజ్ పెడతారు.

"మధ్యలో మావాడు రాలేనంటే?" వెనక్కి రావచ్చు. పల్లెల మీదుగా వెళ్ళే దారిని ఎంచుకున్నదే ఇందుకు. రోజుకి ఒకసారైనా బస్సో ఆటోనో దొరికే రోడ్డు తగులుతుంది. మాలో ఒకరం తోడు వచ్చి ఇంట్లో దించి వెళతాం. ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు, అననివ్వం.

"షుగర్ ఉన్నవాళ్ళు రావచ్చా?" డాక్టర్ని అడిగి, ఆయన సరే అంటే రండి. కానీ నాకు చెప్పి రండి. షుగర్, బీపీ, ఆస్తమా, ఫిట్స్, ఏ మందుకి అలర్జీ, ఏదీ దాచవద్దు. ఫారాలు ఆ బల్ల మీద ఉన్నాయి, ఆ వివరాలు రెండో పేజీలో రాయాలి. రాసింది నేను, గైడ్ తప్ప ఇంకెవరూ చూడరు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ ఫారం మీద అమ్మో నాన్నో ఇక్కడే, ఇప్పుడే సంతకం పెట్టి వెళ్ళండి.